ఎర్ర బల్బు పెడితే గుడ్లు పెరుగుతాయా? లేయర్ షెడ్లలో వెలుగు లెక్క

తెల్లవారుజామున నాలుగింటికి వరంగల్ నుంచి ఏ పక్కకు బయల్దేరినా, ఊళ్లు ఇంకా నిద్రలో ఉండగానే పొలాల మధ్య పొడుగాటి కోళ్ల షెడ్లు వెలుగుతూ కనిపిస్తాయి. కొన్నిట్లో పాతకాలపు పసుపు వెలుగు, కొన్నిట్లో తెల్లటి ఎల్‌ఈడీలు, అక్కడక్కడా ఎర్రటి వెలుగు. గుడ్డు ధర పడిపోయి దాణా ధర పెరిగిన రోజుల్లో లేయర్ (గుడ్ల కోళ్ల) రైతు దేన్నైనా ప్రయత్నించి చూడాలనుకుంటాడు. ఎర్ర బల్బు మాట సరిగ్గా అలాంటప్పుడే చెవిన పడుతుంది: బల్బు రంగు మారిస్తే చాలు, గుడ్లు పెరుగుతాయని.

ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే జాగ్రత్తగా విడదీసి చూడాలి. ఎర్ర వెలుగుకూ కోడి గుడ్డు పెట్టడానికీ నిజంగానే సంబంధం ఉంది. అయితే ఆ సంబంధం బయటపడింది తలుపులన్నీ మూసిన గదుల్లో. ఉత్తర తెలంగాణలో ఎక్కువగా కనిపించేవి రెండు పక్కలా జాలీ ఉన్న ఓపెన్ షెడ్లు. అక్కడ తేలిన ఫలితం ఇక్కడికి వచ్చేసరికి ఎంత మిగులుతుందన్నదే అసలు ప్రశ్న.

కోడి వెలుగును కళ్లతో మాత్రమే గుర్తించదు. దాని మెదడు లోపల, హైపోథాలమస్ అనే భాగంలో, వెలుగును పసిగట్టే కణాలు ఉన్నాయి. ఈకలు, చర్మం, పుర్రె ఎముక దాటుకుని వెలుగు అక్కడిదాకా చేరుతుంది. వినడానికి వింతగా ఉన్నా ఇందులో మాయ లేదు. చీకట్లో టార్చిలైటు మీద అరచేయి పెడితే వేళ్ల అంచులు ఎర్రగా వెలగడం అందరూ చూసిందే. టార్చి వెలుగులో అన్ని రంగులూ ఉన్నా, నీలం, ఆకుపచ్చ రంగులు చర్మంలో, రక్తంలో ఆగిపోతాయి. ఎరుపు మాత్రమే ఇవతలికి వస్తుంది. కోడి తలలోనూ అదే జరుగుతుంది. 620 నుంచి 700 నానోమీటర్ల (వెలుగు రంగును చెప్పే కొలత) మధ్య ఉండే ఎర్ర వెలుగు, 450 దగ్గరుండే నీలం వెలుగుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా మెదడు లోపలికి చేరుతుంది.

అక్కడ చేరిన వెలుగు కోడి శరీరానికి 'పొద్దు పెరిగింది' అని చెబుతుంది. హైపోథాలమస్ నుంచి ఒక హార్మోను బయలుదేరి పిట్యూటరీ గ్రంథిని తడుతుంది. పిట్యూటరీ వదిలే హార్మోన్లు అండాశయాన్ని లేపుతాయి. అండాశయంలో తయారయ్యే ఈస్ట్రోజెన్ రక్తంలో కలిసి కాలేయానికి చేరితే, పచ్చసొనకు కావలసిన సరుకు అక్కడ తయారవడం మొదలవుతుంది. ఎముకల్లో పెంకు కోసం కాల్షియం నిల్వ కూడుతుంది, తల మీది జుట్టు (తురాయి) ఎరుపెక్కుతుంది. అడవికోడికి ఈ ఏర్పాటు ప్రాణాధారం. పొద్దు పెరిగే కాలంలో గుడ్లు పెడితే పిల్లలకు తిండి దొరుకుతుంది, పొద్దు తగ్గే కాలంలో పెడితే పిల్లలు బతకడం కష్టం. ఏడాదికి 300 పైగా గుడ్లు పెట్టే నేటి లేయర్ కోడి తలలోనూ ఆ పాత పంచాంగమే ఉంది.

మెదడే నేరుగా వెలుగును పట్టుకుంటుందన్న సంగతి కొత్తదేమీ కాదు. 1930లలో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ బెన్వా బాతుల మీద ప్రయోగాలు చేశాడు. కళ్లు లేని మగబాతులకు వెలుగు చూపించినా వాటి వృషణాలు పెరిగాయి. సన్నటి క్వార్ట్జ్ కడ్డీ ద్వారా మెదడులోకే వెలుగు పంపి చూసినా అదే ఫలితం. చాలా ఏళ్ల తర్వాత, 2014లో, కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పుట్టుకతో చూపు దెబ్బతినే ఒక జాతి కోళ్లను ఎర్ర, ఆకుపచ్చ, తెల్ల వెలుగుల్లో పెంచి చూశారు. కోడిలో గుడ్డు పెట్టే వ్యవస్థను మేల్కొలపడానికి ఎర్ర వెలుగు అవసరమనీ, దానికి కంటి రెటీనాతో పని లేదనీ తేల్చారు. ఇజ్రాయెల్‌లో జరిగిన పరిశోధనలు ఇంకో ముక్క కలిపాయి: కంటి ద్వారా అందే ఆకుపచ్చ వెలుగు ఈ వ్యవస్థను కాస్త వెనక్కి లాగుతుందని. ఎర్ర బల్బు మాట వెనకున్న విజ్ఞానం ఇది, గట్టిదే.

కానీ ఆ ప్రయోగశాలల్లో కోడికి అందే వెలుగంతా బల్బు వెలుగే. ఆకుపచ్చ గదిలో ఉన్న కోడికి పొద్దున్నించి రాత్రిదాకా ఎరుపు దాదాపు అందదు. అలాంటి కోడిని ఎర్ర గదిలోని కోడితో పోల్చారు. వరంగల్ పక్కన జాలీ షెడ్డులో ఉన్న కోడి పరిస్థితి వేరు. దానికి రోజూ సూర్యుడు కనిపిస్తాడు. ఎండలో ఎరుపు దండిగా ఉంది.

ఎంత దండిగానో లెక్క వేద్దాం. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో ఇక్కడ పొద్దు 13 గంటలు దాటి ఉంటుంది, డిసెంబరు మూడో వారంలో 11 గంటలకు కొద్దిగా ఎక్కువ. గుడ్లు పెట్టే కోడికి మామూలుగా ఇచ్చేది 16 గంటల వెలుగు. ఉదయం 4 నుంచి రాత్రి 8 దాకా అనుకుంటే, డిసెంబరులో బల్బులు వెలగాల్సింది దాదాపు 5 గంటలు. జూన్‌లో 3 గంటలకు కాస్త తక్కువే. అంటే రోజు మొత్తం వెలుగులో బల్బు వాటా చలికాలంలో మూడో వంతు, ఎండాకాలంలో ఆరో వంతు దగ్గర. మిగిలిందంతా సూర్యుడి పని, ఆ వెలుగు రంగును మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. బల్బు కింద 10 నుంచి 20 లక్స్ (వెలుగు ఎంత పడుతోందో చెప్పే కొలత) వెలుగు ఉంటే, పగటిపూట జాలీ పక్కన ఉన్న కేజీలో (కోళ్లుండే ఇనుప గూటిలో) వందల లక్స్ ఉంటుంది.

అలాగని బల్బు రంగును పూర్తిగా కొట్టిపారేయడమూ తప్పే. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కోడి తలలో ఒక గడియారం నడుస్తుంటుంది. 'నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారేదెలా' అనుకున్న ముసలమ్మ కథ మనకు తెలిసిందే. ఆమె కోడి కూసేది వెలుగు చూసి కాదు, తలలోని ఆ గడియారం చూసి. పొద్దు పొడవకముందే పుంజు కూయడానికి లోపలి గడియారమే కారణమని 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఈ గడియారం ప్రకారం, తెల్లారిన సుమారు 11 గంటల తర్వాత కొన్ని గంటలపాటు కోడి మెదడు వెలుగు కోసం ప్రత్యేకంగా కాచుకుని ఉంటుంది. ఆ సమయంలో వెలుగు పడితే 'పెద్ద పొద్దు' అని రాసుకుంటుంది, చీకటి పడితే 'చిన్న పొద్దు' అని. నడి మధ్యాహ్నం ఎంత ఎండ కాసినా ఈ నిర్ణయం మీద దాని ప్రభావం తక్కువ. పొద్దు గూకాక వెలిగే బల్బు చిన్నదే అయినా అంత పని చేయడానికి కారణం ఇది. తెల్లవారుజాము బల్బు కూడా పనికొస్తుంది, ఎందుకంటే అది కోడి రోజును ముందే మొదలుపెట్టి సాయంత్రాన్ని ఆ కాచుకునే గంటల్లోకి జరుపుతుంది.

అంటే బల్బులు వెలిగే గంటల్లో సూర్యుడు లేడు, ఉన్నది బల్బు ఒక్కటే. ఆ బల్బులో ఎరుపు ఎంతో కొంత ఉండి తీరాలి. 'ఎర్ర బల్బు కావాలా' అన్న ప్రశ్నకన్నా 'ఇప్పుడున్న బల్బులో ఎరుపు ఉందా' అన్న ప్రశ్న రైతుకు ఎక్కువ పనికొస్తుంది.

పాత పసుపు బల్బు కరెంటు తాగేది గానీ, దాని వెలుగులో ఎరుపు పుష్కలంగా ఉండేది. వేడి తీగ నుంచి వచ్చే వెలుగు స్వభావమే అంత. తెల్ల ఎల్‌ఈడీ తయారయ్యే తీరు వేరు. అందులో నీలం వెలుగునిచ్చే చిప్పు ఉంటుంది, దాని మీద పసుపు పూత పూస్తారు. పూత ఎలాంటిదన్న దాన్ని బట్టి వెలుగు చల్లటి తెలుపుగానో వెచ్చటి తెలుపుగానో వస్తుంది. డబ్బా మీద 6500 కె అని ఉంటే చల్లటి తెలుపు. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. 2700 కె లేదా 3000 కె అని ఉంటే వెచ్చటి తెలుపు. పాత బల్బుకు దగ్గరగా ఉంటుంది, ఎరుపు సరిపడా ఉంటుంది. ఇళ్లల్లో ఎక్కువమంది చల్లటి తెలుపే కొంటారు, కాబట్టి దుకాణంలో ముందు అదే ఇస్తారు. కోళ్ల షెడ్డుకు అడిగి మరీ వెచ్చటి తెలుపు తీసుకోవాలి. ధరలో పెద్ద తేడా ఉండదు. ఓపెన్ షెడ్డు రైతు రంగు విషయంలో చేయవలసింది దాదాపు ఇంతే.

కరెంటు ఆదా గురించి కూడా చెప్పుకోవాలి. ఉదాహరణకు ఒక షెడ్డులో 60 బల్బులు ఉన్నాయనుకుందాం. 60 వాట్ల పాత బల్బులు రోజుకు 4 గంటలు వెలిగితే 14.4 యూనిట్లు ఖర్చవుతాయి. 9 వాట్ల ఎల్‌ఈడీలైతే 2.16 యూనిట్లు. నెలకు 432 యూనిట్లకూ 65 యూనిట్లకూ ఉన్న తేడా అది. గుడ్లు పెరుగుతాయో లేదో తేలకపోయినా, ఈ లాభం మాత్రం మొదటి బిల్లులోనే కనిపిస్తుంది.

బల్బులు మార్చే రోజున జరిగే పొరపాటు ఒకటుంది, నష్టం అక్కడే వస్తుంది. గుడ్లు పెడుతున్న బ్యాచ్‌లో బల్బులు మార్చినప్పుడు వెలుగు తగ్గితే, కోడి దాన్ని పొద్దు తగ్గడంగా తీసుకునే ప్రమాదం ఉంది. పొద్దు తగ్గిందంటే గుడ్లు ఆపి ఈకలు రాల్చుకునే కాలం వచ్చిందని దాని లెక్క. ముసలి బ్యాచ్‌లను కావాలని ఈకలు రాల్పించేటప్పుడు చేసే పనుల్లో వెలుగు తగ్గించడం ఒకటి. అదే పని తెలియక మంచి బ్యాచ్‌కు చేసుకోవడం ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు. గ్రోయర్ దశలో (గుడ్లు మొదలుకాక ముందు, ఒళ్లు పెరిగే వయసులో) పొద్దు పెంచొద్దు, గుడ్ల దశలో పొద్దు తగ్గించొద్దు. ఈ పరిశ్రమలో ఇంతకన్నా పాతదీ గట్టిదీ అయిన సూత్రం లేదు.

వెలుగు ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేం. మన కన్ను ఎంత మసకకైనా అలవాటు పడిపోతుంది. లక్స్ మీటరు కొలత కూడా మనిషి కంటి కోసం చేసిందే. 555 నానోమీటర్ల ఆకుపచ్చ దగ్గర దాని చూపు ఎక్కువ, అటు నీలానికీ ఇటు ఎరుపుకూ తక్కువ. మనిషి కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలైతే కోడి కంట్లో నాలుగు. మనకు కనిపించని ఊదా అంచును కూడా అది కొంత చూస్తుంది. అందుకే మీటరు 10 లక్స్ చూపించిన ఎర్ర బల్బు, 10 లక్స్ చూపించిన తెల్ల బల్బు కోడికి ఒక్కలా ఉండవు. అయినా రెండు చోట్ల కొలిచి పోల్చుకోవడానికి మీటరు మంచి సాధనమే. కొలవాల్సింది బల్బు కింద నిలబడి కాదు, అన్నిటికన్నా కింది వరుస కేజీలో, దాణా తొట్టి దగ్గర, రెండు బల్బుల మధ్య నీడ పడే చోట. పై వరుసలో 40 లక్స్ ఉండి కింది వరుసలో 3 లక్స్ ఉంటే, ఆ షెడ్డులో రెండు రకాల పొద్దు నడుస్తున్నట్టు లెక్క. దాణా దుమ్ము, సాలెగూళ్లు పట్టిన బల్బు తన వెలుగులో చాలా భాగాన్ని తానే మింగేస్తుంది. వారానికోసారి పొడిగుడ్డతో బల్బులు తుడిచే షెడ్డుకు రంగు బల్బుల అవసరం సగం తీరిపోయినట్టే.

నాసిరకం ఎల్‌ఈడీలతో ఇంకో ఇబ్బంది మిణుకు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చవక బల్బు సెకనుకు 100 సార్లు ఆరి వెలుగుతుంది. మన కంటికి అది నిలకడ వెలుగే. కోడి కన్ను మనకన్నా వేగంగా మారే వెలుగును కూడా విడివిడిగా పట్టగలదు, కాబట్టి ఆ మిణుకు దానికి చికాకు కలిగించే అవకాశం ఉంది. సెల్‌ఫోన్ కెమెరా బల్బు వైపు పెట్టి చూస్తే తెర మీద నల్లటి చారలు పాకే బల్బులు ఉంటాయి. అలాంటివి షెడ్డులో పెట్టకపోవడం మేలు.

ఇక ఎర్ర బల్బు పెట్టిన రెండో రోజుకే గుడ్లు పెరిగాయన్న మాట సంగతి. ఇది జరిగే పని కాదు, కారణం గుడ్డు తయారీలోనే ఉంది. అండాశయంలో చిన్న గింజలా ఉన్న సొన పూర్తి పరిమాణానికి పెరగడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. అప్పుడు విడుదలైన సొన చుట్టూ తెల్లసొన, పొర, పెంకు చేరి బయటికి రావడానికి ఇంకో 24 నుంచి 26 గంటలు. అందులో ఒక్క పెంకు కట్టడానికే దాదాపు 20 గంటలు. ఎల్లుండి ట్రేలోకి వచ్చే గుడ్డు సొన పెరగడం కిందటి వారమే మొదలైంది. ఈరోజు మార్చిన బల్బుకు ఆ గుడ్డుతో సంబంధం లేదు. కొత్త పుల్లెట్లకు (ఇంకా గుడ్లు మొదలుపెట్టని పెట్టలకు) పొద్దు పెంచినప్పుడు మొదటి గుడ్డు కనిపించడానికి సాధారణంగా రెండు మూడు వారాలో అంతకన్నా ఎక్కువో పడుతుంది.

మరి పెరిగిన మాట నిజమైతే ఎందుకు పెరిగాయి? సాధారణంగా ఆ బ్యాచ్ అప్పటికే పెరుగుదలలో ఉంటుంది. 20 వారాల వయసులో గుడ్లు మొదలైన బ్యాచ్ వారం వారం దానంతట అదే పైకి ఎక్కుతుంది. మధ్యలో ఏ పని చేసినా ఆ పనే కారణమనిపిస్తుంది. లేదా జూన్‌లో తొలకరి పడి ఎండ తగ్గి ఉంటుంది, దాణా మారి ఉంటుంది, జబ్బు నుంచి కోలుకుని ఉంటుంది. ఇప్పటికే నూటికి 95 గుడ్లు వస్తున్న షెడ్డులో పెరగడానికి చోటు కూడా లేదు. ఒక కోడి రోజుకు ఒకటికి మించి పెట్టదు, గుడ్డుకూ గుడ్డుకూ మధ్య 24 గంటల పైమాటే.

నిజంగా తేల్చుకోవాలంటే ఒకే షెడ్డును తెరతో రెండుగా విడదీసి, ఒకే బ్యాచ్ కోళ్లకు ఒకే దాణా ఇస్తూ, ఒక సగంలో మాత్రం బల్బు మార్చాలి. రెండు పక్కలా లక్స్ దాదాపు సమానంగా ఉంచాలి. మార్చడానికి ముందు మూడు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు రెండు సగాల గుడ్లూ విడివిడిగా లెక్క రాయాలి. చనిపోయిన కోళ్లను తీసేసి, బతికున్న కోళ్ల మీద శాతం కట్టాలి. 10,000 కోళ్ల షెడ్డులో ఒక్క శాతం అంటే రోజుకు 100 గుడ్లు, మూడు ట్రేల పైన. ఈ తేడా కంటికి ఆనదు, పుస్తకంలో రాస్తేనే కనిపిస్తుంది. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. ఓపెన్ షెడ్డులో రంగు వెలుగు ప్రశ్నను రైతుల షెడ్లలోనే పెట్టి చూపించగలిగితే, ఈ ప్రాంతానికి అంతకన్నా పనికొచ్చే పరీక్ష ఉండదు.

కొత్తగా వస్తున్న పూర్తిగా మూసిన ఏసీ తరహా షెడ్ల లెక్క వేరు. అక్కడ సూర్యుడు లేడు కాబట్టి ప్రయోగశాల ఫలితాలు నేరుగా వర్తిస్తాయి. ఎరుపు కలిసిన తెలుపు వెలుగు పెట్టడం అక్కడ ఖర్చుకు తగిన పనే. పూర్తి ఎరుపు మాత్రం అక్కడా ఇబ్బందే. ఎర్ర వెలుగులో జుట్టు పాలిపోయిందో లేదో తెలియదు, రెట్టలో రక్తం కనిపించదు, గాయం కనిపించదు. జబ్బుకోడిని పొద్దున్నే గుర్తుపట్టి పక్కకు తీయడం మీదే షెడ్డు ఆరోగ్యం నిలబడుతుంది. పనివాళ్ల కళ్లకు ఆ పని చేయనివ్వని వెలుగు ఎంత గొప్పదైనా దండగే. రక్తం కనిపించకపోవడం ఒక చోట మాత్రం మేలు చేస్తుంది. కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకునే షెడ్డులో గాయం ఎర్రగా కనిపించకపోతే మిగతా కోళ్లు దాని వెంట పడటం తగ్గుతుంది. అందుకే కొన్నాళ్లపాటు మసక ఎర్ర వెలుగు పెట్టడం పాత పద్ధతి.

నీలానికి దాని పని దానికుంది. నీలం వెలుగులో కోడి నెమ్మదిస్తుంది. గ్రోయర్ షెడ్డు నుంచి లేయర్ కేజీల్లోకి పుల్లెట్లను మార్చే రాత్రి మసక నీలం బల్బు ఒకటి ఉంటే, కోళ్లు బెదిరి రెక్కలు విరగ్గొట్టుకోవు. ఆకుపచ్చ, నీలం వెలుగులు బ్రాయిలర్ పిల్లల్లో కండ పెరగడానికి తోడ్పడతాయని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి రంగుకు విలువ లేదని కాదు, గుడ్ల దశ కోడికి ఆ రంగులతో పని తక్కువ.

బల్బు రంగును బట్టి గుడ్డు రంగో, సొన రంగో మారుతుందన్న అనుమానం ఉంటే అది వదిలేయొచ్చు. పెంకు తెలుపో గోధుమో కోడి జాతిని బట్టి ఉంటుంది. సొన పసుపు దాణాను బట్టి ఉంటుంది. కరీంనగర్, వరంగల్ చేలల్లో పండే మక్కలు దాణాలో ఎక్కువుంటే సొన ముదురు పసుపుగా వస్తుంది, మక్కలు తగ్గించి నూకలు కలిపితే పాలిపోతుంది.

ఇంత శ్రద్ధ బల్బు రంగు మీద పెట్టే చోట, గ్రోయర్ దశలో పొద్దును పట్టించుకోకపోవడం బాధ కలిగించే విషయం. అసలు నష్టం అక్కడే. కోడిపిల్లలు ఏ నెలలో షెడ్డులో దిగాయన్నది చూడాలి. జులైలో దిగిన బ్యాచ్ పెరుగుతున్నన్ని రోజులూ పొద్దు తగ్గుతూ ఉంటుంది. బతుకమ్మ పండుగ దాటాక చీకటి తొందరగా పడుతుంది, నవంబరులో 18 వారాలు నిండుతాయి. మరీ చిన్న పిల్లలప్పుడు తప్ప దానికి అప్పటిదాకా బల్బు అక్కర్లేదు. ఒంటి బరువు వచ్చాక బల్బు వేసి వారానికి అరగంట చొప్పున పెంచుకుంటూ 16 గంటలకు తీసుకెళ్లడమే. జనవరిలో దిగిన బ్యాచ్‌ది దీనికి పూర్తిగా తిరగబడిన కథ. పెరుగుతున్నన్ని రోజులూ పొద్దు దానంతటదే పెరుగుతూ ఉంటుంది, మే వచ్చేసరికి 13 గంటలకు చేరుతుంది. ఒళ్లు పూర్తిగా ఎదగకముందే కోడి తలకు 'గుడ్లు పెట్టు' అన్న కబురు అందుతుంది. చిన్న ఒంటితో మొదలైన కోడి చిన్న గుడ్లు పెడుతుంది, గుడ్డు పెట్టే దారి బయటికి జారి చనిపోయే కోళ్లు పెరుగుతాయి, ఆ బ్యాచ్ చివరిదాకా తేరుకోదు.

దీనికి విరుగుడు ఉంది. జనవరి బ్యాచ్‌కు 18వ వారంలో సహజంగా ఎంత పొద్దు ఉండబోతుందో ముందే చూసుకోవాలి. వరంగల్‌లో అది 13 గంటలు. చిన్న పిల్లలప్పుడు ఇచ్చే ఎక్కువ వెలుగును నెమ్మదిగా తగ్గించుకుంటూ వచ్చి, ఆ 13 గంటల దగ్గర బల్బుతో నిలిపి ఉంచాలి. బయట పొద్దు పెరుగుతూ పోయినా కోడికి అందే మొత్తం పొద్దు మారదు. పెరుగుతున్న పొద్దును పెరగనట్టు చూపించే ఏర్పాటు ఇది. ఏ బల్బుతో చేసినా పనిచేస్తుంది.

పరదాల సంగతి కూడా చూసుకోవాలి. చలికాలంలో మంచు కోసం, వానాకాలంలో జల్లు కోసం షెడ్డుకు పరదాలు దించుతారు. ముసురు పట్టిన ఆగస్టు రోజున పరదా దించిన షెడ్డు లోపల మధ్యాహ్నం మూడింటికే మసక పడుతుంది. పంచాంగం ప్రకారం పొద్దు ఉన్నా కింది వరుస కోడికి లేదు. అలాంటి రోజు పగటిపూట కూడా బల్బులు వెయ్యాలి.

టైమర్లు ఇంకో చోట దెబ్బ తీస్తాయి. తిరిగే చక్రం ఉన్న మామూలు టైమరు కరెంటు పోతే ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటు నుంచే మళ్లీ నడుస్తుంది. రెండు గంటలు కరెంటు పోతే రెండు గంటలు వెనకబడుతుంది. నాలుగింటికి వెలగాల్సిన బల్బులు ఆరింటికి వెలుగుతాయి. ఎవరూ గమనించకపోతే అలా రోజులు గడిచిపోతాయి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు, ఆ గంటల్లో కరెంటు పోయినా బల్బులు ఆగకుండా ఒక ఇన్వర్టరు ఉండాలి. 9 వాట్ల బల్బులు 60 కలిపినా 540 వాట్లే కాబట్టి ఇన్వర్టరుకు అది మోయలేని బరువు కాదు.

ఎండాకాలంలో వెలుగుతో చేయగలిగే మంచి పని ఇంకొకటి ఉంది, దానికి రంగుతో సంబంధం లేదు. మే నెలలో 43 డిగ్రీలు దాటే రోజుల్లో కోడి పగలంతా నోరు తెరిచి రొప్పుతూ దాణా ముట్టదు. తినకపోతే గుడ్డు సైజు తగ్గుతుంది, పెంకు పలచబడుతుంది. రాత్రి 11:30 నుంచి 12:30 దాకా ఒక గంట బల్బులు వేసి తొట్టిలో దాణా, గొట్టాల్లో చల్లటి నీళ్లు ఉంచితే, గాలి చల్లబడిన ఆ వేళలో కోడి లేచి తింటుంది. పెంకు కట్టేది రాత్రే కాబట్టి ఆ వేళ తిన్న కాల్షియం నేరుగా పెంకుకు చేరుతుంది. ఆ గంటకు ముందూ వెనకా కనీసం మూడేసి గంటల చీకటి ఉండాలి; రాత్రి 8కి ఆర్పి 4కి వెలిగించే షెడ్డులో రెండు పక్కలా మూడున్నర గంటలు దొరుకుతాయి. వానలు పడి చల్లబడ్డాక ఈ అర్ధరాత్రి వెలుగును ఒక్కసారిగా ఆపకుండా, వారానికి 15 నిమిషాల చొప్పున తగ్గించుకుంటూ రావాలి.